ఏడు కిలోల రాగి

మోటార్లు కాలితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుద్ది.
ఈ మాట రైతుల ముందు అనకూడదు.
కనిగిరిలో పామూరు రోడ్డు పక్కన వైండింగ్ షాపు నాది,
లో వోల్టేజీ నాకు అన్నదాత.

విప్పి తీసిన నల్లటి తీగంతా
మూడేళ్లుగా రంగు డబ్బాలో వేసుకుంటా వచ్చినా.
అందులో ఎండిపోయిన బత్తాయి తోట ఒకటి ఉంది,
ఏడొందల అడుగుల లోతున నీళ్లు తడుముకుంటా
ఊపిరి వదిలేసిన సబ్‌మెర్సిబుల్ ఉంది,
ఇంకా డబ్బులియ్యని మాలకొండారెడ్డి ఉన్నాడు.
తూకమేస్తే ఏడు కిలోలు, పైన కాస్త.
పాతసామాన్లాయన తడి వేలుతో లెక్కపెట్టి
నాలుగువేల ఆరొందలు చేతిలో పెట్టినాడు.

పెంచలమ్మకు మిక్సీ అని చెప్పి ఒంగోలు బస్సెక్కినా.

షాపులో గోడ నిండా కొత్తవి,
మెడలు పట్టి వేలాడదీసినారు.
ఇరవై రెండు వేలు అని రాసినదాని ముందు
చేతులు వెనక్కి కట్టుకుని నిలబడినా.
ఆరున్నర వేలది తీసి ఇచ్చినాడు పిల్లోడు.
షాఫ్టు వంకర చూసినట్టు
ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూసినా.
వంకరే.
"నీకు వాయించడం వచ్చా అన్నా?"
రాదు.
ఇరవై ఏళ్లప్పుడు ఆర్కెస్ట్రా స్టేజీ కింద కూర్చుని
తెల్లారుజామున వైర్లు చుట్టేవాణ్ణి.
పైన ఎవరో మీటితే
కింద నా అరచేతిలో వైరు జిల్లుమన్నట్టు ఉండేది.
జిల్లుమనదు, నాకు తెలుసు.
అయినా అనేది.

అప్పుడు మూలలోంచి తీసినాడు,
హాస్టలు కుర్రాడెవరో అమ్మేసి పోయిన నల్లది,
మోచెయ్యి ఆనేచోట రంగు పోయి చెక్క కనపడతా.
"నాలుగువేలకిస్తా. రెండిట్లో ఒకటి పలకదు."
ఎందుకు?
"కాయిల్ పోయింది."

కాయిల్ అన్నాడు.
అంతమంది తెలియనోళ్ల పెళ్లిలో
చుట్టం కనపడ్డట్టయింది నాకు.

వచ్చేటప్పుడు చీమకుర్తి కాడ
నల్లరాయి లారీల వెనక బస్సు ఆగి ఆగి కదిలింది.
మోకాళ్ల మధ్య నిలబెట్టుకున్నా.
కండక్టరు దానిక్కూడా సగం టికెట్టు కొడతానని నవ్వినాడు.

పెంచలమ్మ సంచీని పైనుంచి కిందికి చూసింది.
"మిక్సీకి మెడ ఇంత పొడుగా?"
రెండు రోజులు మాట్లాడలేదు.
రోట్లో పచ్చడి నూరింది, కావాలనే, నా చెవి పక్కన.

విప్పి చూస్తే ఆరు అయస్కాంతాలు,
చుట్టూ వెంట్రుకకన్నా సన్నటి తీగ.
ఇంతేనా?
స్టేజీ మీద అంత అరిచింది ఇదేనా?
నా రాగి అమ్మి
మళ్లీ రాగే కొనుక్కొచ్చుకున్నా.

పాత రిలే విప్పి తీగ తీసి
ఫ్యాన్లు చుట్టే మిషను మీద మొదలుపెట్టినా.
మూడువేల నూటపన్నెండో చుట్టుకాడ
గురునాథం వచ్చినాడు, భుజాన తువ్వాలు,
ముఖంలో మిరపతోట వాడిపోతా ఉంది.
"నా మోటారేమో అనుకున్నా.
ఏందబ్బా ఇది, అగ్గిపెట్టెంత?
ఇదేం తోడుద్ది?"
నాకు మాట రాలేదు. తీగ తెగింది.
దాన్ని పక్కన పెట్టి
ఆ రాత్రి ఆయన మోటారే చుట్టినా.
త్రీఫేజు రెండింటికొస్తుంది, ఆలోపు దించాల.

శనివారం కాలేషా మైకుసెట్టు ఆంప్లిఫయరు తెచ్చినాడు.
స్విచ్చేస్తే
గుయ్యిమని ఒకటే హోరు,
ఊరి బయట ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడినట్టు.
పాట కాదు, కరెంటు.
ఎర్త్ సరిగా లేదన్నాడు కాలేషా.
నేను కొత్తగా చుట్టింది మీటి చూసినా:
పలికింది, కాస్త నీరసంగా,
జ్వరం తగ్గినోడు మంచినీళ్లు అడిగినట్టు.

"ఆపండి ఆ గోల" అంటా వచ్చిన పెంచలమ్మ
పచ్చడి చేత్తోనే తీగల్ని పట్టుకుంది.
హోరు టక్కున తగ్గింది.

వదిలింది, మొదలైంది.
పట్టుకుంది, ఆగింది.
"నేను ముట్టుకుంటే నోరు మూసుకుంటుందే!"
మనిషి ఒళ్లే దానికి ఎర్త్ అని చెప్పబోయి
ఊరుకున్నా.
ఇంకోసారి వదిలి, ఇంకోసారి పట్టుకుంటా ఉంది,
మూడు రోజుల తర్వాత నవ్వుతా,
ఆరు తీగలకూ మిరపకారం అంటిస్తా.